కింది పొరలు కల్తీ

పొడి గదికి సీలు వేశారని క్యాంటీన్‌లో చెప్పుకుంటుంటే రాళ్లమ్మ ముందు నవ్వేసింది. రాళ్లను పొడి కొట్టే గదికి సీలేమిటి, అందులో దుమ్ము తప్ప ఎత్తుకుపోవడానికి ఏముంది? తీరా కిందికి దిగి చూస్తే తలుపుకు అడ్డంగా కాగితం పట్టీ అంటించి ఉంది. దాని మీద గుండ్రటి ముద్ర, ముద్ర మీద సంతకం. పక్కనే స్టూలు మీద, ఆ గదిలో రాళ్లు కొట్టే పొడి బాబాయి కూర్చుని ఉన్నాడు. మాస్కు గడ్డం కిందికి జారిపోయి ఉంది. అది తీసేయాలన్న ధ్యాస కూడా ఆయనకు లేదు.

తలుపు అవతల యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"లోపల ఎవరున్నారు బాబాయ్?"

"ఎవరుంటారు అమ్మాయ్. నీ రాయే ఉంది. ఆపి వస్తానన్నాను, దేన్నీ ముట్టుకోవద్దన్నారు తనిఖీ గారు. దాని టైము అయ్యాక అదే ఆగుతుందిలే."

"అసలేమైంది?"

"కల్తీ అట." ఆ మాట నోట్లో ఇమడనట్టు రెండోసారి అన్నాడు. "నేను కల్తీ చేశానట. సమావేశంలో నువ్వే చెప్పావట."

రాళ్లమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. చెప్పింది నిజమే. అందరి ముందూ, మైకులో చెప్పింది.

కోట్ల సంవత్సరాల కిందట ఒక ఖండం సాగి, పలచబడి, చివరికి రెండుగా చీలింది. ఆ కాలంలో నేల పగుళ్లలోంచి లావా వరదలా పొంగి, పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది. ఆ నల్లరాళ్లలో ఏ మూలకం ఎంతుందో చూసి, లావా ఏ దారిన పైకి వచ్చిందో చెప్పడం ఆమె పని. ఆఫీసులో అందరూ ఆమెను రాళ్లమ్మ అనడం అందుకే. కింది పొరల లావా పైకి వస్తూ వస్తూ దారిలోని ఖండపు పాత రాయిని కరిగించి తనలో కలుపుకుంది. దాన్ని ఆ చదువులో కల్తీ అనే అంటారు. పై పొరల్లో ఆ గుర్తు కనిపించలేదు. అంటే అవి వచ్చేనాటికి దారిలో ఖండం అడ్డం లేదు, అప్పటికే చీలిపోయింది. చీలిక ఫలానా పొర దగ్గర జరిగిందని ఆమె వేలు పెట్టి చూపించగలిగింది. ఇంతవరకు ఎవరూ చూపించలేదు. అందుకే సమావేశంలో గొంతు కాస్త పెంచి, "కింది పొరలన్నీ కల్తీ. పై పొరలు స్వచ్ఛం" అంది.

చివరి వరుసలో తనిఖీ గారు కూర్చుని ఉన్నాడని ఆమె గమనించలేదు. పరిపాలన చూడటానికి ఆయన కొత్తగా వచ్చాడు. అంతకుముందు ఉద్యోగమంతా ఆహార తనిఖీలోనే.

*

"సార్, ఆ కల్తీ వేరు" అంది రాళ్లమ్మ, ఆయన గదిలో నిలబడి.

"కల్తీలో వేరేముంటుందమ్మా?" తనిఖీ గారు కోప్పడలేదు. కుర్చీ చూపించాడు. "పాలల్లో నీళ్లైనా, కారంలో ఇటుకపొడైనా ఒకటే. ఉండకూడనిది ఉంటే కల్తీ."

"అది కలిసింది భూమి లోపల సార్. మనుషులే పుట్టని రోజుల్లో."

"ప్రతి కొట్టువాడూ ఇదే అంటాడమ్మా. నా దగ్గరికి వచ్చేసరికే అలా ఉంది సార్ అంటాడు."

ఆమెకు నవ్వొచ్చింది, కానీ ఆయన నవ్వడం లేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "చూడమ్మా, నేను మొండివాణ్ని కాను. మీ మాటే నిజమైతే సంతోషం. రుజువు చూపించండి. శుక్రవారం విచారణ పెట్టాను, మీ పెద్ద మేడం కూడా ఉంటారు. అప్పటిదాకా ఆయన పనిలో ఉండటానికి లేదు. ఆయన తప్పని తేలితే ఇక రానక్కర్లేదు. అది నా ఇష్టం కాదు, నిబంధన."

రుజువు చూపడం రాళ్లమ్మకు పెద్ద పని కాదు. పొడి కొట్టే గిన్నెలోంచి రాయిలోకి ఏమైనా రాలుతోందేమో తెలియాలంటే, తను వెతికే మూలకాలేవీ లేని తెల్లటి స్ఫటికాన్ని అదే గిన్నెలో పొడి చేసి చూస్తే చాలు. అందులో ఏది కనిపిస్తే అది గిన్నెదే. ఏమీ కనిపించకపోతే కల్తీ రాయిలోనే ఉన్నట్టు.

తనిఖీ గారు స్వయంగా వచ్చి సీలు చింపాడు. తన ఎదుటే చెయ్యాలన్నాడు. స్టూలు లాక్కుని గోడ పక్కన కూర్చున్నాడు. పొడి బాబాయి యంత్రం మూత తీసి, అగేటు గిన్నెను రెండు చేతులతో పైకి తీశాడు. అగేటు గాజులా నున్నగా ఉండే రాయి, తొందరపెడితే బీటలిస్తుంది. కొంచెం కొంచెంగా, ఆపి ఆపి పొడి కొట్టాలి. ఆయన దాన్ని ఇసుకతో రుద్ది, నీళ్లతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, దీపం ముందు పట్టి చూశాడు. మళ్లీ కడిగాడు.

"చాలు లెండి" అన్నాడు తనిఖీ గారు.

"మీకు చాలొచ్చండీ, దానికి చాలదు" అన్నాడు బాబాయి. అన్నాక తను ఎవరితో మాట్లాడుతున్నాడో గుర్తొచ్చి తల దించుకున్నాడు.

స్ఫటికం ముక్కలు గిన్నెలో వేస్తుంటే రాళ్లమ్మ కళ్లు పై అరలోని రెండో గిన్నె మీద పడ్డాయి. బూడిద రంగులో మెరుస్తున్న బరువైన లోహపు గిన్నె. ముడి ఖనిజాలు పరీక్షించేవాళ్ల కోసం ఈమధ్యే తెప్పించారు.

"అది నువ్వెప్పుడైనా వాడావా బాబాయ్?"

"వాడకపోతే నీ పని అయ్యేదా?" బాబాయి ముఖంలోకి ఆ పూటకు మొదటిసారి వెలుగొచ్చింది. "నీ పై పొరల రాళ్లన్నీ అందులోనే కొట్టాను. ఎలాగోలా రేపటికి ఇచ్చెయ్ బాబాయ్ అని ప్రాణం తీశావుగా. అగేటులో వేస్తే వారం పట్టేది. ఇది కొత్తది, ఇంకా ఎవరి చెయ్యీ పడలేదు. మన అమ్మాయి రాళ్లతోనే మొదలుపెడదామని బోణీ చేశాను."

రాళ్లమ్మ చేతిలోని ముక్కల పళ్లాన్ని బల్ల మీద పెట్టేసింది.

గట్టి లోహపు గిన్నె అరిగినప్పుడు ఏం రాలుతుందో ఆమెకు తెలుసు. ఆ చదువులో మొదటి ఏడాదే నేర్పుతారు. టంగ్‌స్టన్, కోబాల్టు, వాటితోపాటు టాంటలమ్. ఖండపు రాయి కలిసిన లావాలో టాంటలమ్ తక్కువగా ఉంటుంది. పై పొరల్లో ఆ లోటు కనిపించకే అవి స్వచ్ఛమంది. కోబాల్టు కాస్త ఎక్కువగా కనిపిస్తే రాయిలోని ఆకుపచ్చ ఖనిజం వల్లే అనుకుంది. టాంటలమ్‌కు తోడుగా ఉండే నయోబియం లెక్క పొంతన కుదరకపోతే, ఆ నెల యంత్రమే కుదురుగా లేదని పక్కన పెట్టింది. ఇప్పుడు అవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

ఫలానా గిన్నె వాడమని ఆమె బాబాయికి ఎప్పుడూ చెప్పలేదు. నిన్నమొన్నటి దాకా గదిలో ఉన్నది ఒకే గిన్నె. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

"రెండో దాంట్లో కూడా స్ఫటికం వేద్దాం బాబాయ్" అంది. "పై పొర ముక్కలు మిగిలాయిగా, వాటిలో కొన్ని అగేటులో వెయ్యి."

"అవెందుకు? వాటిమీద గొడవేం లేదుగా?"

"ఊరికే."

తనిఖీ గారు గడియారం చూసుకున్నాడు. తన ఫిర్యాదు కింది పొరల మీదే కాబట్టి మిగతావాటిని పట్టించుకోలేదు.

*

పొడులు ఆమ్లంలో కరగడానికి, ఆరడానికి, మళ్లీ కరగడానికి పట్టాల్సిన సమయం పట్టింది. ఆ రోజుల్లో రాళ్లమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. గురువారం మధ్యాహ్నం యంత్రం తెర మీదికి అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి.

అగేటు గిన్నె స్ఫటికంలో ఏమీ లేదు. బాబాయి కడిగిన కడుగుడుకు ఉండమన్నా ఉండదు.

లోహపు గిన్నె స్ఫటికంలో టాంటలమ్ ఉంది. కొంచెం కాదు. నల్లరాయి స్ఫటికమంత గట్టిది కాదు కదా, దానికి గిన్నె అంతగా అరగదేమో అని ఆమె మనసు వెంటనే ఒక సాకు అందించింది. దాని వెనకే మూడో వరుస అంకెలు వచ్చాయి. అగేటులో కొట్టిన పై పొర రాయివి. అందులో టాంటలమ్ లోటు కింది పొరల్లో ఉన్నట్టే ఉంది. ఖండం అప్పటికింకా చీలలేదు. గిన్నెలోంచి రాలింది ఆ లోటును పూడ్చి, చీలినట్టు చూపించింది.

తను స్వచ్ఛమన్న రాళ్లే కల్తీవి. కల్తీ అన్నవే అసలైనవి.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఎంత సులువైన దారి ఎదురుగా ఉందో అప్పుడు కనిపించింది. రేపు అడిగేది కింది పొరల గురించే. మొదటి వరుస అంకెలు చూపిస్తే బాబాయి నిర్దోషి. మూడేళ్లుగా పెద్ద మేడం కింద చేసిన తన పని అచ్చవుతుంది. దాని ఆధారంగా ఆవిడ ఖాయం చేయిస్తానన్న ఉద్యోగం ఖాయమవుతుంది. నోరు విప్పితే తన పని పోతుంది, బాబాయి చేతిలో నిజంగానే కల్తీ జరిగిందని తేలి ఆయన పనీ పోతుంది. నోరు మూసుకుంటే నష్టపోయేది ఎవరు? కోట్ల ఏళ్ల కిందటి ఒక ఖండం. అదేమీ వచ్చి నిలదీయదు.

ముందు బాబాయికి చెప్పాలనుకుని క్యాంటీన్‌కు వెళ్లింది. ఆయన మూల బల్ల దగ్గర ఉన్నాడు. పనిలోకి రానివ్వకపోయినా రోజూ వేళకు వచ్చి అక్కడే కూర్చుంటున్నాడు.

"కల్తీ బాబాయ్, ఈ టీలో ఏం కలిపారో కాస్త చూసి చెబుదూ" అన్నాడు డ్రైవరు పక్క బల్ల నుంచి.

"నువ్వు తాగుతున్నావంటే ఏదో కలిసే ఉంటుందిలే" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు, ఆయన కూడా. కానీ ఆయన ముందున్న గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

రాళ్లమ్మను చూడగానే లేచాడు. "తేలిందా అమ్మాయ్?"

"అగేటు గిన్నె శుభ్రంగా ఉంది బాబాయ్."

అది అబద్ధం కాదు. ఆయన రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ కూర్చుని, చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు. "మీ పిన్నికి రెండు రోజుల్నించి తిండి లేదు. ఫోన్ చేసి చెబుతాను, ఉండు" అంటూ జేబు తడుముకున్నాడు. రాళ్లమ్మ నోటి దాకా వచ్చిన మాట మింగేసింది.

*

"రక్తం శాంపిల్ తారుమారైతే ఆసుపత్రిలో ఏం చేసేవాళ్లు అత్తయ్యా?" ఆ సాయంత్రం ఇంట్లో అడిగింది రాళ్లమ్మ.

అత్తగారు నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. మనవరాలి గౌనుకు గుండీ కుడుతోంది. తల ఎత్తలేదు.

"ఏం చేస్తాం, మళ్లీ గుచ్చేవాళ్లం."

"రోగి ఊరుకునేవాడా?"

"తిట్టేవాడు. తిట్టించుకునేవాళ్లం." దారం పంటితో కొరికింది. "ఒకసారి నేను ఊరుకున్నాను. పోనీలే, రెండూ దాదాపు ఒకలాగే ఉన్నాయిగా అనుకుని."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఆ మనిషి బాగానే ఇంటికెళ్లాడు." అత్తగారు గౌను దులిపి మడత పెట్టింది. "ఏమీ కాలేదు కాబట్టే ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. ఏదైనా అయ్యుంటే శిక్ష పడేది, తీరిపోయేది. ఎందుకు అడుగుతున్నావు?"

"ఊరికే అత్తయ్యా."

"నీ ఊరికే నాకు తెలియదా. కాళ్లూ చేతులూ కడుక్కుని దేవుడికి దండం పెట్టుకో, పో."

రాళ్లమ్మ దేవుడి ముందు నిలబడి కళ్లు మూసుకుంది. చిన్నప్పటి నుంచి ఆ పూటకు ఏది కావాలో అదే అడగడం అలవాటు. నిజం చెప్పే ధైర్యం ఇవ్వు స్వామీ అని అడగబోయి ఆగింది. ఇస్తే చెప్పాల్సి వస్తుంది. పోనీ బాబాయిని కాపాడు అని అడుగుదామంటే, కాపాడే ఉపాయం తన సంచిలోనే ఉంది. మొదటి కాగితం. నిజం చెప్పినవాళ్లను చల్లగా చూస్తావంటారు కదా, మరి చెబితే మునిగేది ఇంకొకరైనప్పుడు ఎటు చూస్తావు? ఆ ప్రశ్నను కూడా పూర్తిగా అడగలేక, ఉత్తినే దండం పెట్టి వచ్చేసింది.

*

విచారణ గదిలో పొడవాటి బల్ల, గోడల వెంట ఆఫీసువాళ్లు. ఒక కొసన పెద్ద మేడం, రెండో కొసన తనిఖీ గారు. మధ్యలో ఇస్త్రీ చొక్కాలో పొడి బాబాయి. ఆయన్ని దుమ్ము లేకుండా చూడటం రాళ్లమ్మకు అదే మొదలు.

ఆమె బోర్డు మీద ఖండం బొమ్మ గీసింది. లావా ఎలా వచ్చిందో, దారిలో ఏం కలుపుకుందో చెప్పింది. అగేటు గిన్నె అంకెలు చూపింది. తనిఖీ గారు రెండు ప్రశ్నలు వేశాడు. రెండింటికీ జవాబు దొరికాక, అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"పొరపాటు నాది. ఆ మాట నాకు ఒకే రకంగా తెలుసు. ముప్పై ఏళ్లు దానితోనే బతికాను." పొడి బాబాయి వైపు తిరిగాడు. "మీ పనిలో కల్తీ లేదు. నన్ను క్షమించాలి."

బాబాయి కంగారుపడి తనూ లేచాడు. "అయ్యో, అంత మాటెందుకండీ. మీ డ్యూటీ మీరు చేశారు." సంతోషంలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. "అసలు కింది పొరలదేముందండీ, అవి పాత గిన్నెలో కొట్టినవి. మా అమ్మాయి పై పొరలు చూడాలి. కొత్త గిన్నె, తళతళలాడే లోహం గిన్నె. వాటికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు."

అందరూ నవ్వారు. పెద్ద మేడం చేతిలో కలం ఆగింది.

ఆవిడ ముప్పై ఏళ్లుగా ఈ రాళ్లతోనే ఉంది. లోహం గిన్నె అన్న మాట ఆవిడకు ఇంకెవరూ విప్పి చెప్పక్కర్లేదు. తలెత్తి రాళ్లమ్మ వంక చూసింది. రాళ్లమ్మ కళ్లు తిప్పుకోలేకపోయింది. ఆ చూపులో బెదిరింపేమీ లేదు. బతిమాలుతున్నట్టుంది.

"మనం మాట్లాడేది కింది పొరల గురించి" అంది పెద్ద మేడం, కాగితాలు దొంతర చేస్తూ. "అది తేలిపోయింది. ఇక ముగిద్దామా?"

కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. ఎవరో తలుపు తీశారు. ఇంతటితో అయిపోయేది. బాబాయి అప్పటికే జేబులోంచి ఫోన్ తీస్తున్నాడు.

"మేడం, రెండో గిన్నె కూడా చూశాను" అంది రాళ్లమ్మ.

తలుపు తీసినతను మళ్లీ మూశాడు. ఆమె సంచిలోంచి మిగతా కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. ఈసారి బొమ్మ గీయలేదు. నాలుగు మాటల్లో చెప్పేసింది. చెబుతున్నంతసేపూ బాబాయి వైపు చూడలేదు.

"ఆగండమ్మా." తనిఖీ గారు నెమ్మదిగా కూర్చున్నాడు. "అయితే మీరు స్వచ్ఛమన్న సరుకే కల్తీ. కల్తీ అన్నదే అసలు సరుకు."

"అవును సార్."

"ఏ రాయికి ఏ గిన్నె వాడాలో ఈయనకు ఎవరు చెప్పాలి?"

"నేను. చెప్పలేదు. తొందర మాత్రం పెట్టాను."

"నేను కడిగాను" అన్నాడు బాబాయి. ఎవరికి చెబుతున్నాడో తెలియదు. "మూడుసార్లు కడిగాను దాన్ని. కొత్తది కదా అని." తర్వాత రాళ్లమ్మ వైపు తిరిగాడు. "నిన్న క్యాంటీన్‌లో... అప్పటికే తెలుసా నీకు?"

"తెలుసు బాబాయ్."

ఇప్పుడే అందరి ముందూ తను చెప్పుకున్న గొప్పలు ఒక్కొక్కటీ ఆయన ముఖం మీద కనిపించాయి. ఫోన్‌ను మళ్లీ జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

తనిఖీ గారు చాలాసేపు కాగితాలు తిరగేశాడు. చివరికి కళ్లజోడు తీశాడు. "చెప్పనిదానికి ఈయన్ని పట్టుకోవడానికి లేదు. మా శాఖలో అయితే సరుకు పారబోయించేవాణ్ని. ఇక్కడేం చేస్తారు?"

"మళ్లీ కొట్టాలి. పై పొరలన్నీ. అగేటులో."

"కొట్టేవాళ్లున్నారా ఇంకెవరైనా?"

అందరూ బాబాయి వైపే చూశారు. తనిఖీ గారు కలం మూత పెట్టి, "అయితే రేపటి నుంచి పనిలోకి రండి" అన్నాడు.

వెళ్లిపోతూ పెద్ద మేడం రాళ్లమ్మ పక్కన ఆగింది. "మూడేళ్ల పని" అంది. అంతే. ఉద్యోగం సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడంలోనే అంతా తెలిసింది.

*

మర్నాడు రాళ్లమ్మ పై పొర రాళ్ల సంచులు మోసుకుని కిందికి దిగింది. తలుపు మీద పట్టీ చింపిన చోట జిగురు మరక మిగిలింది. బాబాయి ఇనుప పలక మీద రాయి పెట్టి సుత్తితో ముక్కలు చేస్తున్నాడు. మాస్కు కట్టుకున్నాడు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"బాబాయ్" అంది. సుత్తి ఆగలేదు.

ముందే చెప్పి ఉండాల్సింది, నోరు రాలేదు, నీ మొహం చూసి చెప్పలేకపోయాను అని దారంతా కూడబలుక్కున్న మాటలు ఆ చప్పుడులో ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆమె సంచులు దించి, బల్లకు ఇటుపక్క కూర్చుంది. పళ్లెంలోకి ముక్కలు వంచుకుని, ఎండావానలకు చివికినవీ సుత్తి ఇనుము అంటినవీ పటకారుతో ఏరడం మొదలుపెట్టింది. చేతికింద మనిషి ఉన్నప్పటి నుంచి ఆ పని తను చేసి ఎరగదు. వేళ్లు కుదరక ముక్కలు జారిపోతున్నాయి.

కాసేపటికి సుత్తి ఆగింది. బాబాయి ఆమె ఏరిన కుప్ప వైపు చూశాడు. వంగి, అందులోంచి రెండు ముక్కలు తీసి పారేశాడు. అరలోంచి కళ్లకు కట్టుకునే అద్దాలు తెచ్చి, చొక్కా అంచుతో తుడిచి, ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇవి పెట్టుకోండి మేడం" అన్నాడు. "రాయి ఎగురుతుంది."

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ పిలుపు వినడం అదే మొదలు. రాళ్లమ్మ అద్దాలు పెట్టుకుంది.

బాబాయి మళ్లీ సుత్తి అందుకున్నాడు.